కలిపి చెప్పిన లెక్క

"మొత్తం లాభం చెప్పారు, సంతోషం. సబ్బులకెంత, అట్టపెట్టెలకెంత, ఫర్నిచర్‌కెంత? విడివిడిగా చెప్పండి."

వాటాదారుల సమావేశంలో చివరి వరసలోంచి లేచిన ముసలావిడ నిరుడూ ఇదే అడిగిందట. చేతిలో బరువైన గుడ్డసంచి. ఆవిడ చూపు వేదిక మీది ముగ్గురినీ తడుముతోంది: సబ్బుల విభాగం కూడా తానే చూసుకునే ఛైర్మన్, ఆయనకు అటూ ఇటూ మిగతా రెండు విభాగాల మేనేజర్లు.

"ఎవరు సార్ ఈవిడ? పోటీ కంపెనీ పంపిందా?" కొత్తగా చేరిన అకౌంటెంట్ ఛైర్మన్ చెవిలో గొణిగాడు.

"అదొదిలెయ్యండి. ఆ విడి లెక్కల కాగితం మాత్రం తియ్యకండి. మన గుట్టు మనమే రట్టు చేసుకుంటామా?"

"దాస్తే మూడూ మునిగాయనుకుంటారు సార్. ఏది ఎలా ఉందో తెలిస్తేనే కదా డబ్బు పెట్టినవాడికి ధైర్యం!"

ఛైర్మన్ ఫర్నిచర్ మేనేజరు వైపు చూశాడు. అతను తలెత్తలేదు. నష్టం సంగతి బయటపడితే ఫర్నిచర్ షెడ్డు మూసెయ్యమంటారు. అందుకే ఇన్నాళ్లూ ఛైర్మన్ ఆ నష్టాన్ని సబ్బుల లాభం కింద గంప కింద కోడిలా కప్పెట్టాడు. పోటీవాళ్ల భయం పైకి చెప్పే మాట.

"బామ్మగారూ, డివిడెండు వస్తోందిగా, ఇంకేం కావాలి?" ఎవరో నవ్వారు.

"డబ్బు కోసం కాదు నాయనా. ఎప్పుడడిగినా అంతా బాగుందనే అంటారు. అన్నీ కలిపేస్తే నొప్పెక్కడో ఎలా తెలుస్తుంది?"

ఆ మాటకి ఫర్నిచర్ మేనేజరు లేచాడు. "చదివెయ్యండి. నా కోసం దాచింది చాలు," అన్నాడు.

ఛైర్మన్ మెల్లగా తలూపాడు. అకౌంటెంట్ చదివాడు. సబ్బులు లాభం. పెట్టెలు లాభం. ఫర్నిచర్ మూడేళ్లుగా నష్టం.

ముందు వరసలో ఒకాయన ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంతేనా! మీరు దాస్తుంటే కంపెనీయే మునుగుతోందనుకున్నాం. ఏం చేస్తే గట్టెక్కుతుందో చెప్పండి, గడువిద్దాం."

చాలామంది అవునన్నారు. షెడ్డు మూయమని ఒక్కరూ అనలేదు. తన వాదనే గెలిచిందని అకౌంటెంట్ పొంగిపోయాడు.

ముసలావిడ ఇవేవీ పట్టించుకోలేదు. నెమ్మదిగా వేదికెక్కి, సంచిలోంచి టిఫిన్ క్యారేజీ తీసి బల్ల మీద పెట్టింది. ఇదేం చోద్యమని అకౌంటెంట్ నోరు తెరిచాడు. ఆవిడ ఫర్నిచర్ మేనేజరు తల నిమిరి, ఛైర్మన్ వైపు తిరిగింది.

"పెద్దోడా, ముందు చిన్నోడికి అన్నం పెట్టు."