ఎర్ర కారు మిస్త్రీ

కొత్తగా వచ్చిన ఇంజన్ మిస్త్రీ పేరు వినగానే బుచ్చన్న చేతిలో సుత్తి ఆగిపోయింది.

"జహాంగీర్. మాది కోరుట్ల."

"ఇంతకుముందు ఏడ చేసినవ్?"

"సనయ్యల, గా కార్ఖానాల పేటల, ఆ పెద్ద గ్యారేజీల. అది ఇడిసి అయిదేండ్లయింది."

ఆ రోజు బుచ్చన్న చేతుల్లో ఒక్క రేకూ సాపు కాలేదు.

అయిదేళ్ళ కిందట ఖతర్‌లోని ఆ గ్యారేజీలోనే లిఫ్టు మీది కారు కూలి అతని తమ్ముడు లస్మయ్య చనిపోయాడు. కంపెనీ మనిషి ఊరికి ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పాడు.

"జహాంగీర్ అని ఒక మిస్త్రీ లిఫ్టు తప్పుగ దించిండు. ఆ వారమే పారిపోయిండు."

తల్లి భూమవ్వ ఆ పేరు మీద దుమ్మెత్తిపోయని పొద్దు లేదు. బుచ్చన్న ఖతర్ విమానం ఎక్కింది కూడా ఆ పేరు కోసమే.

ఇప్పుడు ఆ పేరు తన పక్కనే స్పానర్లు సర్దుకుంటోంది.

అది రెండువేల ఎనిమిది. చమురు ధర రోజుకో మెట్టు ఎక్కుతోంది. ఉమ్ సలాల్‌లో తోట ఉన్న వాళ్ళ అర్బాబుకు, అంటే యజమానికి, పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి. డెబ్బయ్యొకటి నాటి ఇటలీ కారొకటి తెప్పించాడు. యూరప్‌లో పాత కార్ల ర్యాలీకి దాన్ని ఓడెక్కించాలి. రేకు పని, ఎర్ర రంగు బుచ్చన్నవి. ఇంజన్ జహాంగీర్‌ది.

ముసలి జహాంగీర్ ఆ ఇంజన్‌ని పసిపిల్లకు స్నానం చేయించినట్టు కడిగేవాడు. దొరకని భాగాలు తనే లేతు మీద చేసుకునేవాడు.

"తిన్నవా బిడ్డా?" అని రోజూ అడిగేవాడు.

బుచ్చన్న రేకు మీద సుత్తి ఇంకా గట్టిగా కొట్టేవాడు.

'ఇంజన్ పూర్తి కానీ. చేతికి అందినంక గుంజుకుంటేనే మంట తెలుస్తది' అనుకునేవాడు.

ఏడు నెలలకు ఇంజన్ పలికింది. ఆ శబ్దం విని అర్బాబు చప్పట్లు కొట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం జహాంగీర్ నమాజుకు వెళ్ళాడు. బుచ్చన్న కారు కిందికి దూరి, ఆయిల్ బోల్టు రెండు చుట్లు వదులు చేశాడు.

సాయంత్రం అర్బాబే కారు తీశాడు. అల్ ఖోర్ రోడ్డు మీద ఆయిలంతా కారిపోయి ఇంజన్ పట్టేసింది. కారును లారీ మీద వేసుకొచ్చారు.

జహాంగీర్ కారు కింద పడుకుని చాలాసేపు చూశాడు. బోల్టు మీద పచ్చి ఎర్ర రంగు వేలిముద్ర. ఆయన బుచ్చన్న చేతుల వైపు చూశాడు. తర్వాత గుడ్డతో ఆ బోల్టు తుడిచేశాడు.

"తప్పు నాదే అర్బాబ్. బిగించుడు మర్సిన."

"ఖలాస్!" అర్బాబు అరిచాడు. "యల్లా, బలద్!" పని అయిపోయింది, మీ దేశం పో అని.

మూడో రోజుకు టికెట్ వచ్చింది.

బుచ్చన్న వ్యాన్ దాకా వెళ్ళాడు. ఈ మాట చెప్పకపోతే చేసిందంతా దండగ.

"నేను లస్మయ్య అన్నను."

"ఎరుకే బిడ్డా. మొదటి దినమే గుర్తువట్టిన. అదే మొకం గదా."

"ఎరుకై గూడ నోరు మూసుకున్నవా?"

"ఏమని చెప్పాలె? ఆ దినం నాకు లేటయింది. ఇంకొక్క నిమిషం ముందు..."

డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఇగ చాలు, ఒప్పుకున్నవ్. పో!" అన్నాడు బుచ్చన్న.

వ్యాన్ కనుమరుగయ్యాక ఊరికి ఫోన్ చేశాడు.

"అవ్వా, వాని నోటికాడి బువ్వ గుంజేసిన."

భూమవ్వ ఫోన్లోనే ఏడ్చింది. "నా కడుపు సల్లవడ్డది కొడుకా."

ఆ రోజు బుచ్చన్న కడుపు నిండా తిన్నాడు.

పది రోజులకు విడిభాగాల దుకాణంలో పనిచేసే రఫీయుద్దీన్ కొత్త పిస్టన్లు తెచ్చాడు. బోధన్ మనిషి. ఒకప్పుడు అదే సనయ్య గ్యారేజీలో పనిచేశాడు.

"జహాంగీర్ భాయ్ ఏడీ?"

"ఇంటికి తోలిన. నా తమ్ముడు లస్మయ్యను చంపినోన్ని ఊకె ఇడుస్తనా?"

రఫీయుద్దీన్ చేతిలోని పెట్టె కింద పెట్టేశాడు.

"చంపిండని ఎవరు చెప్పిండ్రు?"

"కంపెనీ."

"కంపెనీ గట్లనే చెప్తది. ఆ లిఫ్టు లాక్ చెడిపోయి నెలయింది. అయినా నీ తమ్మున్ని దాని కిందికి పొమ్మన్నరు. జహాంగీర్ భాయ్ గుంజుదామని ఉరికిండు గని, అందలే. పదకొండు మందిమి చూసినం. పోలీసులు అడిగితే పది మందిమి తల దించుకున్నం. నేను సుత."

బుచ్చన్న పెట్టె దాటి ముందుకొచ్చాడు.

"మరి... ఆయన పారిపోయిండట గదా?"

"పారిపోలేదన్నా," రఫీయుద్దీన్ నేల వైపే చూస్తూ అన్నాడు, "నీ తమ్ముని దిక్కు సాక్షి చెప్పిన ఆ పదకొండో మనిషిని, దొంగ కేసు పెట్టి ఏడాది జైల్ల కూసోబెట్టిండ్రు."