గొంతుపట్టీ

కాలువ నీళ్ల కొట్లాటల్లో ఊరు తగలబడిపోయాక చౌడేశ్వరి చంటిబిడ్డను చంకనేసుకుని పట్నం చేరింది. పట్టుచీరలు నేసిన చేతులకు అక్కడ మగ్గం లేదు. యాస వినగానే, "కొట్లాటల సీమదానివా?" అని తలుపులు మూసేవారు. చివరికి ఒక ఆసుపత్రిలో ఫోన్లెత్తే పని దొరికింది. ఆ పని చేసేవాళ్లందరిలాగే ఆమె మెడకూ గొంతుపట్టీ కట్టారు. ఏం మాట్లాడినా అవతలివాళ్లకు పట్నపు గొంతు, పట్నపు మాటే వినబడుతుంది. పనివేళల్లో తీస్తే ఉద్యోగం పోయినట్టే.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"మా చౌడికియ్యమ్మా ఫోను. దాని అమ్మను, ఊరు కాలినోళ్ల శిబిరం నుంచి మాట్లాడతాండా. ఆ ఆసుపత్రిలో ఉంటాదని మా ఊరోళ్లు చెప్పినారు."

ఆ మంటల్లో పోయిందనుకున్న అమ్మ బతికే ఉంది!

"అమా, నేనే, చౌడిని!" అంది. పట్టీ దాన్ని, "అమ్మగారూ, నేనేనండీ, చౌడేశ్వరిని" అని తియ్యగా మార్చి పంపింది.

"ముసలిదాంతో ఎగతాళెందుకు తల్లీ? నా కూతురి గొంతు నాకు తెల్దా?"

చౌడేశ్వరి చెయ్యి పట్టీ మీదికి పోయింది. ఎదురుగా సూపర్‌వైజర్ తలెత్తి చూశాడు. గదిలో వదిలొచ్చిన బిడ్డ కళ్లముందు మెదలడంతో చెయ్యి దించేసింది.

"చౌడేశ్వరిగారు పనిలో ఉన్నారండీ. బాగున్నారు."

"పనుందా దానికి? అయితే అన్నముంటాదిలే. నన్ను తలుసుకోని ఏడ్వద్దని చెప్పు తల్లీ."

"చెబుతానండీ" అంది చౌడేశ్వరి.