ఏడు గంటల ప్రశ్న

ఇంకో రెండు నెలలే ఆయుష్షని డాక్టరు చెప్పిన మర్నాడే ఇర్యా వెళ్ళి కువోపియో ఊరి గ్రంథాలయంలో నడిచే కంప్యూటర్ తరగతిలో పేరు రాయించుకుంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి సర్వర్ ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటుందట. తరగతిలో వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏం, దుకాణం పెడతారా?" అన్నాడు పెంతి మాస్టారు.

"ఒక్క ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పాలి. రోజూ. నేను లేకపోయినా."

ఆయన ఆమె పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

ప్రశ్న అడిగేది అక్క కెర్తు. పద్దెనిమిదో ఏట ఓడెక్కి స్వీడన్ వెళ్ళిపోయింది. రేవులో నిలబడి చెయ్యి ఊపిన చెల్లెలికి ఆ రోజు చలి ఇంకా ఒంట్లోనే ఉంది. కెర్తు అక్కడ ముప్పై ఏళ్ళు ఇలాంటి ప్రోగ్రాములే రాసింది. చెవులు వినిపించడం మానేశాక ఫోను వదిలేసి, అక్కాచెల్లెళ్ళు రాసుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక పేజీ తయారుచేసింది. ఉదయం ఏడింటికి ఠంచనుగా అడుగుతుంది. "ఎలా ఉన్నావు చెల్లీ?" ఇర్యా బాగున్నానని రాస్తుంది. ఆ వెంటనే అక్క మాట వచ్చేస్తుంది. "సంతోషం. టోపీ మరిచిపోకు."

ఒకప్పుడు బారెడు ఉత్తరాలు రాసేది. పోయిన చలికాలం నుంచి ఇంతే. జూలై ఎండలోనూ టోపీయే. ముసలితనం, చాదస్తం అనుకుంది ఇర్యా. నా కోసం కాచుకుని కూర్చుంటుంది పాపం, అనుకుంది.

భర్తను, కొడుకును సాగనంపిన గుండె కెర్తుది. ఇంకొక చావు కబురు మోయలేదు. తను పోయాక ఎవరికీ తెలియజేయవద్దని ఇర్యా ఆసుపత్రిలో రాసిచ్చింది. ఇక మిగిలింది ఆ జవాబు.

సర్వర్ తనంతట తాను నోరు విప్పదని మాస్టారు చెప్పాడు. ఎవరో అడగాలి, అప్పుడే పలుకుతుంది; వేళకు తానే అడిగే ప్రోగ్రాం వేరే ఉంటుందట. అడిగిన ప్రతిసారీ, విసుక్కోకుండా పలుకుతుంది. మూడు వారాలు తంటాలు పడి ఇర్యా తన ల్యాప్‌టాప్‌లో దాన్ని పలికించింది. మురిసిపోయి మూత మూసింది. ప్రోగ్రాం ఆగిపోయింది.

"మూత మూస్తే మీతోపాటు అదీ నిద్రపోతుందమ్మా," అన్నాడు మాస్టారు.

"అలా అయితే ఎలా మాస్టారూ? నేను నిద్రపోయాకే కదా అది మేలుకోవాలి."

ఎప్పుడూ ఆరని కంప్యూటర్‌లో కొంచెం చోటు అద్దెకు తీసుకున్నారు. జవాబు సరిగ్గా వెళ్తోందో లేదో చూడ్డానికి, కంటపడితే మరిచిపోలేని మాట ఏదైనా పెట్టి పరీక్షించమన్నాడాయన. ఇర్యా 'ఇర్యా చనిపోయింది' అని కొట్టింది.

"గట్టి మాటే ఎంచుకున్నారు," అన్నాడు. నవ్వలేదు. "తీసెయ్యడం మాత్రం మరిచిపోకండి. కొత్తవాళ్ళందరూ అక్కడే బోల్తా పడతారు."

అక్టోబరులో ఒక ఉదయం ఇర్యా కాఫీ పోసుకుని తెర ముందు కూర్చుంది. మొదటిసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూసింది.

ఏడైంది. "ఎలా ఉన్నావు చెల్లీ?"

ప్రోగ్రాం బదులిచ్చింది. "ఇర్యా చనిపోయింది."

తీసెయ్యలేదు. రాత్రి మందుల మత్తులో సరిచేసిన దాన్ని ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకుని, పాతదాన్నే అద్దె కంప్యూటర్‌కు పంపింది. వెళ్ళిన జవాబును వెనక్కి లాగడం ఏ పాఠంలోనూ లేదు. సముద్రం అవతల కుర్చీలోంచి ఒరిగిపోతున్న అక్క కళ్ళ ముందు కనిపించింది. కప్పు పట్టుకునే దిగ్గున లేచింది; కాఫీ ఒలికి వేళ్ళు కాలాయి.

ఆ కప్పు కింద పెట్టేలోపే అవతలి నుంచి కెర్తు మాట వచ్చింది: "సంతోషం. టోపీ మరిచిపోకు."