ఒక్క ఎర్ర చుక్క

"డాడీ, ఈవేళ నువ్వు నిద్దరోవాల" అంది ఏంజెలా, తండ్రి చేతిలో మీట పెడుతూ.

రాత్రంతా గూడ్సు బండి నడిపి, నిమ్‌పురా యార్డులో దిగి అప్పుడే ఇంటికొచ్చిన జ్ఞానరత్నం నవ్వాడు. డ్యూటీ దిగిన డ్రైవర్ని నిద్రపొమ్మని బతిమాలే కూతురు ఆ రైల్వే క్వార్టర్లలో ఇంకెవరికీ ఉండి ఉండదు.

ఏంజెలాది ఇంజనీరింగు మూడో ఏడు. ఈసారి ఒక పేపరుకి రాతపరీక్ష లేదు. చేత్తో ఏదైనా పరికరం తయారు చేసి, పనిచేస్తుందని చూపించాలి. డ్రైవరు కునుకు తీస్తే పట్టేసే పెట్టె చేసింది తను. ప్రేమ్ బజార్‌లో కొన్న బజరు, నాలుగు తీగలు, ఒక బ్యాటరీ, వాటన్నిటికీ పాత టిఫిన్ డబ్బా. కాసేపటికోసారి బజరు కుయ్‌మంటుంది. మెలకువగా ఉన్న మనిషి మీట నొక్కుతాడు, ల్యాప్‌టాప్ మీద పచ్చ చుక్క పడుతుంది. నిద్రపోయినవాడు నొక్కడు కదా, అప్పుడు ఎర్ర చుక్క పడి సైరన్ మోగుతుంది.

క్లాసులో రాజ్ కిరణ్ బిర్యానీ తినొచ్చి మీట పట్టుకుని కూర్చున్నాడు. సైరన్‌కి ఉలిక్కిపడి కుర్చీలోంచి కిందపడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు గానీ సారు పెదవి విరిచారు. క్లాసులో కునికే కుర్రాణ్ణి పట్టుకోవడానికి పెట్టె ఎందుకన్నారు. నిజంగా బండి నడిపే మనిషిని పట్టుకుంటేనే పాసు, లేకపోతే వచ్చే ఏడు మళ్ళీ ఇదే పేపరు. గడువు ఈ సాయంత్రం.

జ్ఞానరత్నం మంచం మీద వాలి మీటని బొటనవేలితో తడిమి చూశాడు. "ఇంజన్లో కూడా ఇలాటి బటనే ఉంటాది. నొక్కకపోతే బ్రేకు పడిపోతాది. ఇరవయ్యేళ్ళయినాది, నా బండికి ఒక్కసారి కూడా బ్రేకు పడనీలేదు. నా దగ్గిర నీ పెట్టె ఓడిపోతాది సూడు."

"పెట్టె ఓడిపోతే నేను ఫెయిలయిపోతాను డాడీ."

"అయితే బయటికెళ్ళు. నువ్వు సూస్తంటే నాకు నిద్రేటొస్తాది?"

తీగ తలుపు కిందనుంచి లాగి, వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది ఏంజెలా. గదిలో ఫ్యాను గడగడలాడుతోంది. ఆ ఫ్యాను వేస్తే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. బజరు కూత మాత్రం దాన్ని చీల్చుకుని వస్తోంది.

పచ్చ చుక్క. మళ్ళీ పచ్చ చుక్క. కాసేపటికి తెరంతా పచ్చగా నిండిపోయింది.

ఏంజెలాకి కుదురు లేదు. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరిగింది. గోళ్ళు కొరికింది. పెట్టెలోనే లోపం ఉందేమోనని అనుమానం వచ్చింది గానీ, అదీ కాదు. పొద్దున్నే మీట నొక్కకుండా వదిలి చూస్తే, సైరన్‌కి పక్కింటి దోర్కా నిప్పంటుకుందనుకుని నీళ్ళ బక్కెట్టుతో పరిగెత్తుకొచ్చింది. నిద్ర సుఖమెరగదంటారు, రాత్రంతా మేలుకున్న ఈ మనిషికి సుఖమైన మంచం మీద కూడా నిద్ర రాదేం? ఏడుపొచ్చినంత పనైంది.

చింతపండు పిసుకుతున్న ఆలిస్‌కి మాత్రం మొగుణ్ణి చూసుకుని మహా గర్వంగా ఉంది. "బండెక్కేముందు ప్రార్థన సేసుకుంటాడు. దేవుడు ఆయన్ని కునకనీడు. అందుకే కదా పోయినేడు ఆపీసర్లు శాలువా కప్పినారు" అంది. రాత్రికి మళ్ళీ డ్యూటీ ఉందనీ, పాపం కాసేపు పడుకోనిస్తే బాగుండుననీ కూడా అంది.

"పడుకోమనే కదా మమ్మీ నేను ఏడుస్తన్నాను."

రాజ్ కిరణ్ ఫోన్ చేశాడు. సంగతి విని, ఒక్క ఎర్ర చుక్క మనమే పెట్టేద్దాం, సారుకేం తెలుస్తుందన్నాడు. ఏంజెలా అతన్ని తిట్టి ఫోన్ పెట్టేసింది. పెట్టేసిందే గానీ, వేలు కీబోర్డు మీదికే పోతోంది. ఒక్క చుక్క. ఒక్కటంటే ఒక్కటి.

అంతలో కరెంటు పోయింది.

పెట్టెకీ ల్యాప్‌టాప్‌కీ బ్యాటరీలున్నాయి కాబట్టి వాటికేం కాలేదు. ఫ్యాను మాత్రం గడగడమంటూ నెమ్మదించి ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలో గదిలోంచి గురక వినిపించింది. తెరలు తెరలుగా, ఒళ్ళు తెలియని నిద్రలో ఉన్న మనిషి గురక.

ఏంజెలాకి ప్రాణం లేచొచ్చింది. "పడుకున్నాడు మమ్మీ" అంది తల్లి చెయ్యి పట్టుకుని, గుసగుసగా. ఆలిస్ సైరన్‌కి భయపడి రెండు చెవులూ మూసుకుంది. ఏంజెలా ఊపిరి బిగబట్టి తెరవైపు చూసింది.

లోపల బజరు కుయ్‌మంది. గురక అలాగే సాగుతోంది.

పచ్చ చుక్క పడింది.