పేరు కొట్టేసిన పిల్ల

"కుదరదమ్మా. బిడ్డతల్లిని తెచ్చి నా పిల్లల పక్కన కూర్చోబెట్టమంటే కుదరదు."

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె అలా పెట్టిందంటే మాట అయిపోయినట్టేనని బడి అంతటికీ తెలుసు. ఎదురుగా కూర్చున్న నర్సుకు తెలియదు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, యూనిఫాం ఒంటి మీదే ఉంది. కుర్చీలోంచి కదల్లేదు.

"చదువు ఆగిపోయినవాళ్ళు ఎవరైనా సాయంత్రం తరగతుల్లో చేరవచ్చని గేటుకు బోర్డు కట్టారు కదా మేడం?"

"కట్టాం. పరీక్ష తప్పినవాళ్ళ కోసం. పదిహేనేళ్ళకే కడుపు తెచ్చుకున్నవాళ్ళ కోసం కాదు."

"తెచ్చుకోవడానికి అదేమన్నా బజార్లో దొరికే సరుకా?" నర్సు గొంతు పెరగలేదు. "పదో తరగతిలో ఉండగా ఈ బడే తన పేరు కొట్టేసింది. అదే క్లాసులో కుర్రాడి పేరు మాత్రం కొట్టెయ్యలేదు. పరీక్ష రాశాడు, పాసయ్యాడు, దర్జాగా పై చదువుకు వెళ్ళాడు."

ఇలాంటి అమ్మాయిల తరఫున మాట్లాడటానికి వచ్చే ఆస్పత్రివాళ్ళను హెడ్మిస్ట్రెస్ ఇదివరకూ చూసింది. రెండు మాటలు కటువుగా అంటే లేచిపోయేవారు.

"లోకం తీరే అంతమ్మా. ముల్లు వెళ్ళి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే."

"చిరిగిన ఆకును చెత్తలో పారేసి, ముల్లుకు సర్టిఫికెట్ ఇచ్చారు. అది లోకం చెయ్యలేదు మేడం. ఈ గదిలోనే జరిగింది."

హెడ్మిస్ట్రెస్ కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"పోనీ, ఆ బిడ్డ సంగతి ఆలోచించు. ఆడుకునే వయసులో బిడ్డను కంటే పుట్టినవాళ్ళకీ అవస్థే. ఆస్పత్రిలో పనిచేసేదానివి, నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు. నెలలు నిండకుండానే పుట్టింది. పిల్లికూనంత ఉండేదట. తల్లి నాలుగిళ్ళలో గిన్నెలు తోముతుంటే గుమ్మంలో కూర్చునేది. జ్వరమొస్తే మందుకూ దిక్కులేదు."

"చూశావా మరి. ఆ తల్లి బిడ్డను సాకాలా, పుస్తకాలు పట్టుకు కూర్చోవాలా?"

"తల్లి చేతిలో పుస్తకం లాగేసి, బిడ్డ ఎందుకు చిక్కిపోయిందని అడుగుతారేంటండీ?" నర్సు లేచి నిలబడింది. "ఆ బిడ్డ కోసం తను అన్నీ వదులుకుంది. ఇక చాలు. మీరు చేర్చుకోనంటే రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. డ్యూటీ లేని ప్రతి సాయంత్రం ఈ కుర్చీలోనే కూర్చుంటాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

ఇంత మొండిఘటాన్ని హెడ్మిస్ట్రెస్ తన సర్వీసులో చూడలేదు. కోపం రావాలి, రాలేదు. ఈ బల్ల ముందు ఎంతమంది ఆడపిల్లల పేర్లు కొట్టేసి ఉంటారో, వాళ్ళలో ఒక్కరి కోసమైనా ఎవరైనా ఇలా వచ్చి పోట్లాడారా అనిపించింది.

"ఎక్కడుందా అమ్మాయి?"

"గేటు దగ్గరే ఉంది. లోపలికి రావాలంటే ఇంకా భయం."

"రేపటి నుంచి రమ్మను. ఎవరైనా ఏమన్నా అంటే నాతో చెప్పమను. అది సరేగానీ, తను క్లాసులో ఉన్నంతసేపూ ఆ బిడ్డనెవరు చూసుకుంటారు?"

నర్సు మొదటిసారి నవ్వింది.

"ఆ బిడ్డను నేనే మేడం."