పదకొండో రాయి

గోడ మీద మళ్ళీ సుద్ద గుర్తులు కనబడేసరికి లాడ్జి అక్కకు ఒళ్ళు మండింది.

నిన్న పొద్దున్నే కదా, తడిగుడ్డ పెట్టి రుద్ది రుద్ది తుడిచింది!

అఖాతం ఒడ్డునున్న ఆ పాత ఊరికి ఆమె వచ్చి ఏడాది తిరగలేదు. ఉన్నదంతా ఊడ్చిపెట్టి రెండు వందల ఏళ్ళ నాటి మేడ కొంది. నాలుగు గదులు ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకు అద్దెకిస్తోంది. అందుకే అందరికీ లాడ్జి అక్క అయింది.

గుమ్మం దిగి పది అడుగులు వేస్తే రాతి అడ్డుగోడ. గోడ అవతల సముద్రం. వచ్చినవాళ్ళంతా ఆ గోడకు ఆనుకునే ఫొటోలు దిగుతారు. వాకిట్లో గడ్డిపోచ కనబడితేనే ఊరుకోని మనిషి, గోడ మీద పిచ్చిగీతలు గీస్తే ఊరుకుంటుందా?

గీసేదెవరో వెతకాల్సిన పని లేదు. రోజూ ఆరున్నరకల్లా ఒక ముసలాయన చిన్న సుత్తి, సుద్దముక్క పట్టుకుని వస్తాడు. ఒక్కో రాయినీ టకటకమని కొట్టి, చెవి ఆనించి వింటాడు. కొన్నిటి మీద ఇంటు గుర్తు పెడతాడు.

ఆయనది ఇంకో చోద్యం కూడా ఉంది. లాడ్జి పక్కన ఖాళీ స్థలంలో అక్క దుప్పట్లు ఆరేస్తుంది. పని అయ్యాక ఆయన ఆ స్థలం అంచున చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, దుప్పట్ల మధ్య కాసేపు నిలబడి వస్తాడు. ఉత్త మట్టినేల మీదికి చెప్పులు విప్పి వెళ్ళే మనిషికి ఎక్కడో స్క్రూ లూజని అక్క తేల్చేసింది.

మొదటిరోజు గట్టిగానే అడిగింది. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"ఈ రాళ్ళు లోపల డొల్లబడ్డాయి తల్లీ. పనివాళ్ళు వచ్చేదాకా గుర్తులు ఉండనీ."

ఏ పనివాళ్ళని అడిగితే, వస్తారులే అన్నాడు. ఎనభై దాటిన మనిషికి ఏ ఆఫీసు వాళ్ళు పని అప్పజెప్తారు? అక్క నవ్వేసి, కాఫీ ఇచ్చి పంపి, గుడ్డ తడుపుకుంది.

ఆయన గీయడం, ఈమె తుడవడం. వేసవంతా అదే తంతు. ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. మీ సుద్ద అరిగిపోతోంది తాతగారూ అని ఈమె అంటే, నీ గుడ్డ చిరిగిపోతోంది చూసుకో అని ఆయన. కాఫీలో చక్కెర ఒక పలుకు తగ్గితే ఇట్టే కనిపెట్టేవాడు.

తిట్టుకుంటూనే అలవాటు పడిపోయింది. గుమ్మంలో ఆయన దగ్గు వినబడితే గానీ అక్కకు తన కాఫీ కూడా రుచించేది కాదు.

ఉన్నట్టుండి ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

గోడ శుభ్రంగా ఉంది. తుడవడానికి ఏమీ లేక అక్కకు తోచలేదు. రోజూ రెండు గ్లాసుల కాఫీ కలిపేది. రెండోది చల్లారిపోయేది.

అలలు ముదిరే కాలం దగ్గరపడుతుండగా మేస్త్రీలు దిగారు. ఊరి ఆ చివర నుంచి గోడలో రాళ్ళు మారుస్తూ వచ్చి, లాడ్జి ముందు ఆగకుండా దాటిపోయారు. అక్క ఎదురెళ్ళి పెద్ద మేస్త్రీని నిలదీసింది.

"ఇక్కడ ఒక్క గుర్తూ లేదమ్మా. పెద్దాయన గుర్తు పెట్టలేదంటే ఆ ముక్క గట్టిగా ఉన్నట్టే. ఏటా ఆయన చెవినే నమ్ముతాం మేం."

అక్క గుండెల్లో రాయి పడింది. ఆయన్నే పిలిపించండి, ఇంకోసారి చూస్తారు అంది.

మేస్త్రీ భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన పోయి పది రోజులైందని, నిద్రలోనే పోయాడని చెప్పాడు.

అక్కకు ఏడుపొచ్చింది. ఏడ్చింది. ఆ తరవాత తాను తుడిచిందంతా చెప్పేసింది.

మేస్త్రీ గోడకేసి చూశాడు. ఆమె ఇంటికేసి చూశాడు. కొట్టి వినేంత చెవి తమలో ఎవరికీ లేదన్నాడు. ఉన్న వ్యవధిలో గోడంతా విప్పి చూడటం అయ్యే పని కాదన్నాడు.

"సుద్దముక్క ఉందా?" అంది అక్క.

వేసవంతా తుడిచిన చెయ్యి అది. మెట్టు పక్కది, నల్లమచ్చది, దాని కింద రెండు... చకచకా పది గుర్తులు పెట్టింది. మేస్త్రీ ఒక్కోదాన్నీ గునపంతో పెకలించి చూశాడు. ప్రతి రాయి వెనకా సున్నం కొట్టుకుపోయి, చెయ్యి పట్టేంత బొక్క.

రోజూ తుడిచినవి మొత్తం పదకొండు. పదకొండోది ఎంతకీ తట్టలేదు. అటూ ఇటూ తిరిగింది, కళ్ళు మూసుకుంది. చివరికి నడుము గుర్తుచేసింది. ఒకదాన్ని తుడవడానికి మాత్రం రోజూ ముసలాయన్ని తిట్టుకుంటూ నేల మీద చతికిలబడేది! అలాగే కూర్చుని చెయ్యి చాపింది. అందింది.

అన్నిటికన్నా పెద్ద బొక్క దాని వెనకే ఉంది. ఈ ఏడు నిలిచేది కాదమ్మా నీ ఇల్లు అన్నాడు మేస్త్రీ.

కొత్త రాళ్ళ బండి వచ్చింది. ఎక్కడ దింపమంటావని అడిగితే పక్క స్థలం చూపించి, దుప్పట్లు తీయడానికి గబగబా ముందు నడిచింది అక్క.

వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే, మేస్త్రీలంతా స్థలం అంచున నిలబడి చెప్పులు విప్పుతున్నారు.

మట్టినేలకు చెప్పులు విప్పడమేమిటని అడిగింది.

పెద్ద మేస్త్రీ చెప్పులు పక్కకు పెట్టి అన్నాడు. "గోడ డొల్లబడిందని ఆయన ఎంత మొత్తుకున్నా ఎవరూ వినిపించుకోని ఏడు, సముద్రం పట్టుకుపోయిన పెద్దాయన ఇల్లు ఇదేనమ్మా."