అమ్మ చొక్కా

దర్శకురాలు మేడమ్ గారికి,

ఇరవయ్యో తేదీన మీ సినిమా విజయోత్సవంలో అమ్మను వేదిక ఎక్కిస్తారట. అందుకే ఇప్పుడే రాయాల్సి వచ్చింది. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే.

అమ్మ పనిచేసే సీసాల ఫ్యాక్టరీలో షూటింగ్ చేసినప్పుడు, తను చీర మీద తొడుక్కున్న పాత చొక్కా మీరే అడిగి తీసుకున్నారు. "ఇంత అసలైన మరకలు మావాళ్ళు వెయ్యలేరమ్మా" అన్నారు. అమ్మ మురిసిపోయింది.

నిన్న టికెట్లు కొనుక్కుని వెళ్ళాం. చివర్లో మీ హీరోయిన్, "మొగుడి చొక్కా మోసింది చాలు" అంటూ అమ్మ చొక్కాను తగలబెట్టింది. హాలంతా చప్పట్లు.

అమ్మ నా చెవిలో, "మొగుడెవడే?" అంది.

ఆడవాళ్ళ మనసు తెలిసిన దర్శకురాలని పేపర్లో మీ గురించి రాశారు. మరకలు చూసి ముచ్చటపడ్డారు గానీ, చొక్కా ఎవరిదని ఒక్క మాట అడగలేదు. నాన్నను వదిలేసి నన్ను చంకనేసుకుని వచ్చేశాక, గాజు పెంకులు గీసుకోకుండా అమ్మ తన మొదటి జీతంతో కొనుక్కున్న చొక్కా అది.

సభకు రోజూ పనికి వేసుకెళ్ళే బట్టల్లోనే రమ్మని కబురు పంపారు. ఏం వేసుకుని రావాలో పద్దెనిమిదో తేదీలోపు రాయండి.